దుబాసీ సారలమ్మ ఓటు

చర్ల వైపు పల్లెలో పుట్టిన సారలమ్మ, ముత్తయ్యను పెళ్లాడి, రాష్ట్రం సరిహద్దు దాటి కోంట దగ్గరి ఊరికి వచ్చేనాటికి తెలుగు తప్ప మరో భాష ఎరగదు. ఆ ఊళ్లో తెలుగు ఇళ్లు కొన్నే. మిగతావన్నీ దోర్ల ఆదివాసీ కుటుంబాలు. మిరప చేలల్లో ఆ ఆడవాళ్లతో కలిసి కాయలు కోస్తూ వాళ్ల దోర్లీ భాష నేర్చుకుంది. తర్వాత దోర్నపాల్ ఆశ్రమ పాఠశాలలో వంట చేసినన్నాళ్లు పిల్లలతో, మాస్టర్లతో మాట్లాడి హిందీ కూడా పట్టుకుంది. "మా ఆమె మూడు భాషల్ల కొట్లాడతది" అని ముత్తయ్య నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు ప్రవీణ్‌కుమార్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. దోర్నపాల్‌లో ఎరువుల దుకాణం ఉన్న మనిషి. ఒక పార్టీకి అక్కడి పనులన్నీ చూస్తాడు.

"సారలక్కా, జగదల్‌పూర్ నుంచి మా లీడర్ సాబ్ వస్తుండు. ఆయన మాట్లాడేదంతా హిందీ. పక్కన నిలబడి దోర్లీల చెప్పాలె. నీ అసొంటి మనిషి మాకు దొరకదు."

ఆమె వెంటనే ఒప్పుకుంది. ఆ పార్టీ ముత్తయ్య ఇంటికి కొత్తేమీ కాదు. మామగారి రోజుల నుంచీ ఆ ఇంటి ఓట్లన్నీ దానికే. ఎందుకని ఎవరూ అడిగింది లేదు.

మొదటి సభ వాళ్ల ఊళ్లోనే జరిగింది. బోరింగుల్లో వచ్చే ఎర్రనీళ్ల సంగతి ఎత్తి నాయకుడు "విచార్ కరేంగే" అన్నాడు. ఆలోచిస్తామని అర్థం. సారలమ్మ నోట అది దోర్లీలోకి వచ్చేసరికి "ఎండాకాలం లోపల ఇంటింటికీ నల్లా పెట్టిస్తాడట" అయింది. అబద్ధం చెప్పాలని కాదు. మన పార్టీ, చేయకపోతుందా అని ఆమె నమ్మకం. జనం చప్పట్లు కొట్టారు. నాయకుడు తన మాటకే అనుకుని దండం పెట్టాడు. సారలమ్మకు కడుపు నిండినట్టయింది.

మరుసటి సంతలో హుంగే ఎదురుపడింది. వాగు అవతలి పారాలో ఉండే దోర్ల ముసలమ్మ. పారా అంటే ఊరికి దూరంగా ఉండే గుంపు ఇళ్లు. అమ్మడానికి తెచ్చిన కోడిపుంజు ఆమె చంకలో గింజుకుంటోంది.

"చెల్లె, నువ్వు చెప్పినవని మా పారాల అందరికీ చెప్పిన" అంది హుంగే దోర్లీలో. "ఈసారి ఓట్లన్నీ మీ పార్టీకే. ఎండాకాలానికి నల్లా వస్తదన్నవ్ గద."

"నేను కాదక్కా, ఆయన అన్నడు."

"ఆయన మాట మాకేం తెలుస్తది? నువ్వంటేనే నమ్మినం. మా మనవరాలు ఆ ఎర్రనీళ్లు తాగలేక వాంతి చేసుకుంటది. ఇంకొన్నాళ్లు ఓర్చుకో బిడ్డా అని చెప్పిన."

సారలమ్మ కొనాల్సిన ఉల్లిగడ్డలు కూడా కొనకుండా ఇంటికి వచ్చేసింది. తాను వేసేది ఒక్క ఓటు. కానీ ఒక పారా మొత్తం తన నోటిని చూసి ఓటు వేయబోతోంది. ఆ నోరేమో నాయకుడు అన్నది అన్నట్టు కూడా చెప్పలేదు.

తెల్లారి వాగు దాటి వెళ్లి హుంగేకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆలోచిస్తం అన్నడంతే. నల్లా మాట నాది. తప్పయింది అక్కా."

హుంగే చాలాసేపు తిట్టింది. తిట్టి తిట్టి, "అయితే ఆయన మా పారాకు వచ్చినప్పుడు నేనే అడుగుత. నా మాట హిందీల చెప్పు" అంది.

అలాగే జరిగింది. వాగు అవతలి సభలో నాయకుడి ప్రసంగం అయిపోగానే హుంగే లేచింది. అంతవరకు ఏ సభలోనూ ఎవరూ లేచి అడిగింది లేదు.

"మా బోరింగు నీళ్లు ఎప్పుడు బాగు చేస్తరు? మొన్న ఐదేళ్లు మీరే ఉన్నరు గద, ఎందుకు చెయ్యలే?"

సారలమ్మ ఒక్క ముక్క తగ్గించకుండా హిందీలో చెప్పింది. నాయకుడు నవ్వి, ఆదివాసీల మీద తమ పార్టీకి ఎంత ప్రేమ ఉందో చెప్పాడు. ఆమె అదంతా దోర్లీలో చెప్పి, చివర ఇంకో మాట కలిపింది. "నీళ్ల గురించి మాత్రం ఏం చెప్పలే."

జనం గుసగుసలాడుకున్నారు. ప్రవీణ్‌కుమార్ మొహం మాడిపోయింది. జీపు దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"ఏందక్కా ఇది? నిన్ను పిలిచింది మా మాట చెప్పనీకే గదా?"

"మీ మాట చెప్పిన. వాళ్ల మాట మీకు చెప్పొద్దా? ఓటు వేసేది వాళ్లు."

ఆ తర్వాత అతను ఆమెను పిలవలేదు. సంగతి తెలిసి అవతలి పార్టీవాళ్లు ఉత్సాహంగా వచ్చారు. జనం మాట కూడా హిందీలో చెప్తానని సారలమ్మ వాళ్లకు షరతు పెట్టింది. ఒప్పుకున్నారు. వాళ్ల అభ్యర్థిని కూడా హుంగే నీళ్ల సంగతే అడిగింది. అతను కాసేపు తల గోక్కుని, "మీ పారాకు నీళ్ల పైపు ఎందుకు రాలేదో నాకు తెలియదు. కనుక్కుని చెప్తాను" అన్నాడు. మూడో రోజు మనిషిని పంపి, ట్యాంకు కట్టే జాగా తగవులో ఉందని చెప్పించాడు. తెలియదని ఒప్పుకున్న అతని మీద హుంగేకు గురి కుదిరింది.

ఎవరికి వేయాలో సారలమ్మకు అంత తేలిగ్గా తేలలేదు. అవి వరికోతల రోజులు. చేలో కొడవళ్లు ఆడుతుంటే ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు.

"ఇద్దరి మాటా విన్నవు గద, ఎవరికి వెయ్యాలె?"

"నాకే తెల్వదు. మీకేం కనబడ్డదో మీరు చెప్పుర్రి."

ఒకామెకు తునికాకు ధర ముఖ్యం. ఇంకొకామె కొడుకు ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు. హుంగేకు నీళ్లు. సారలమ్మ అందరి మాటా విని, మామగారు ఎందుకు ఆ పార్టీని పట్టుకున్నాడో మొదటిసారి ముత్తయ్యను అడిగింది. ముత్తయ్యకూ తెలియదు. పక్కింటి పెద్దాయన చెప్పాడు, ఊరికి రేషన్ దుకాణం వాళ్ల హయాంలోనే వచ్చిందని, అంతకుముందు బియ్యం దోర్నపాల్ నుంచి మోసుకొచ్చేవాళ్లని. సారలమ్మ చాలా లెక్కలు వేసుకుంది. నీళ్ల విషయంలో పాతవాళ్ల మీద కోపం తగ్గలేదు. కానీ బియ్యం, వాళ్లే తెచ్చిన పిల్లల హాస్టలు ఆమెకు ఎక్కువ బరువుగా తోచాయి. చివరికి పాత గుర్తుకే వేసింది.

"దీనికోసమా ఇంత లొల్లి చేసినవ్? ఎప్పటిలెక్కనే వేసినవ్ గద" అని ముత్తయ్య నవ్వాడు.

"ఎప్పటిలెక్క కాదు. ఇదివరకు మీ నాయన ఓటు వేసేదాన్ని" అంది.

తాను ఎవరికి వేసిందో హుంగేకు కూడా దాచకుండా చెప్పింది. ముసలమ్మ అలిగి రెండు సంతలు మాట్లాడలేదు. సారలమ్మ ఓటు వేసినవాళ్లే గెలిచారు. ఎండాకాలం వచ్చినా నల్లా రాలేదు. అప్పుడు సారలమ్మే వాగు దాటి వెళ్లి, "పద అక్కా, గెలిచినోళ్లను అడుగుదాం" అంది. పారా ఆడవాళ్లంతా కోంటలోని సర్కారు ఆఫీసుకు వెళ్లారు. పలుమార్లు తిరిగాక పారాలోని రెండు బోరింగుల్లో ఒకదానికి నీళ్లు వడగట్టే యంత్రం పెట్టారు. రెండోది ఇప్పటికీ ఎర్రగానే పోస్తోంది.

ఈ ఏడు మిరప కోతలకు ఇద్దరూ ఒకే చేలో పక్కపక్క సాళ్లు పట్టారు. ఆ ఒక్క యంత్రమైనా మీవాళ్లు భయపడి పెట్టిందే అంటుంది హుంగే. భయపడ్డా పెట్టింది మావాళ్లే గద అంటుంది సారలమ్మ. వాళ్ల గొంతులు పెద్దవైనప్పుడు మేస్త్రీ గట్టు మీద నుంచి కేకేస్తాడు, చేతులు ఆపొద్దని.