పెట్టెలో లేని పేజీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానివల్ల ఇన్నేళ్లలో చాలామందిని దూరం చేసుకున్నాను. ఒక మనిషి జన్మకోసారి చెప్పుకున్న నిజాన్ని పోగొట్టడం మాత్రం అదే మొదటిసారి.

పోర్ట్ బ్లెయిర్‌లో నేను తెలుగు టీచర్ని. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే దిక్కులు చూస్తారు. అందుకే విశాఖపట్నం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫోన్ చేసి, అండమాన్ దీవుల తెలుగువాళ్ల పనులూ జ్ఞాపకాలూ పెట్టేందుకు వికీపీడియాలాంటి ఒక వికీ చేద్దామనగానే ఒప్పుకున్నాను. మీ నెట్ సంగతి తెలిసిందే కదా, ముందు మీ ల్యాప్‌టాప్‌లోనే వికీ పెట్టుకుని రాయండి, తర్వాత ఇక్కడ సర్వర్‌కు ఎక్కిద్దాం అన్నాడు ఆయన.

కంటైనర్లతో అయితే పని సులువట. వికీ నడవడానికి కావలసిన సరంజామా అంతా కట్టిపెట్టిన మూటలా దిగుతుంది, విప్పి నడిపించుకోవడమే. అరగంట పని అన్నాడు. లంబాలైన్ పేటలో మా ఇంట్లో ఆ మూట దిగడానికే మూడు రోజులు పట్టింది. ముప్పాతిక వంతు దిగేసరికి నెట్ పోవడం, మళ్లీ మొదటికి రావడం. చివరికి వికీ తెర మీదికొచ్చింది. ఒక సెట్టింగుల ఫైలు ఇచ్చి, దీన్ని ఫోల్డర్‌లో పెట్టమంది. పెట్టాను. అయినా "ఇంకా సెటప్ కాలేదు" అనే పాటే. నేను కంగారులో రెండుసార్లు దింపుకున్నాను కాబట్టి ఫైలు పేరు చివర బ్రాకెట్లో ఒకటి అంకె చేరిందట, అందుకే వికీ దాన్ని గుర్తుపట్టలేదట. ఆ సంగతి ఆయన ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. "పర్లేదు మేడమ్, మీ ఐలాండ్స్‌లో ఇవన్నీ కొత్త కదా" అన్నాడు. అక్కడ నా ఓపిక తెగింది. ఇక ఈ మనిషిని ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు అనుకున్నాను.

రాయడానికి మొదట దొరికినవాడు మా మామయ్య, అమ్మకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు రేవుకు ఆవలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ అవతల, ఇప్పుడు ఆనవాలు కూడా లేని ఒక ప్రైవేటు కలప కోతమిల్లులో పనిచేశాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఆయన చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. దుంగను మిషను మీదికి ఎలా ఎక్కిస్తారు, పచ్చి పడౌక్ కలప కోస్తే చేతులకు పట్టిన ఎరుపు ఎన్ని రోజులుంటుంది, ఇలా పదిహేను పేజీలయ్యాయి.

పదహారో పేజీ రోజు ఆయన టీ ముట్టుకోలేదు.

"ఈ ముక్క నాను ఒక్కపాలే సెప్తాను. రెండోపాలి అడక్కు" అన్నాడు.

మిల్లులో ఆయనకో స్నేహితుడుండేవాడు. ఒకరోజు ఆగి ఉన్న రంపం కింద ఇరుక్కున్న చెక్కను తీస్తున్నాడు. భోజనం చేసి వచ్చిన మామయ్య అటు చూడకుండా స్విచ్ వేశాడు. స్నేహితుడి నాలుగు వేళ్లు తెగిపోయాయి. తాగి చెయ్యి పెట్టాడని యజమాని అందరికీ చెప్పి, పనిలోంచి తీసేశాడు. మామయ్య నోరు విప్పలేదు. ఆ స్నేహితుడు తాగుబోతు అనే పేరుతోనే పోయాడు. అతని కూతురు బాంబూఫ్లాట్‌లోనే ఉంటోంది.

"దాని మొకం సూసి సెప్పలేను. సదువుకోనీ" అన్నాడు మామయ్య.

ఆమెకు నేనే ఫోన్ చేసి, మీ నాన్న గురించి ఒక పేజీ వస్తోంది, ఆయన తప్పేమీ లేదని అందులో ఉంటుంది అన్నాను. ఆమె, "అక్షరాలు కొంచెం పెద్దగా పెట్టండి దీదీ. నాకు తెలుగు చదవడం సరిగ్గా రాదు. ధీరే ధీరే, మెల్లిగా చదువుకుంటాను" అంది.

ఇక అంతా విశాఖపట్నం పంపాలి. ఎలా పంపాలో ఆ సాఫ్ట్‌వేర్ ఆయన పొడుగ్గా మెసేజ్ పెట్టాడు. "కంగారు పడకండి మేడమ్, నెమ్మదిగా చదవండి" అనేది మొదటి వాక్యం. నెమ్మదిగా చదవాల్సిన అవసరం నాకేమిటి, నేను పిల్లలకు చదువు చెప్పేదాన్ని! మిగతాది చదవలేదు. మా దీవుల్లో ముఖ్యమైన వస్తువేదీ నెట్‌నూ పోస్టునూ నమ్మి పంపం. అటు వెళ్లే మనిషి చేతికిస్తాం. ఏదీ విడగొట్టం, మొత్తం కట్టేసి ఇస్తాం. నేనూ అదే చేశాను. కంటైనర్‌ను ఉన్నదున్నట్టు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. చాలా పెద్ద ఫైలు తయారైంది. ఇంత పెద్దదైంది అంటే అన్నీ వచ్చేసినట్టే అనుకున్నాను. విమానంలో వెళ్తున్న మా స్కూలు సైన్సు టీచర్ చేతికిచ్చాను. ల్యాప్‌టాప్‌లో చోటు లేక ఎర్రగీత చూపిస్తోంది. మొదట్లో ఆ సాఫ్ట్‌వేర్ ఆయనే నేర్పిన ఆదేశంతో, వికీని దాని సమస్తంతో సహా తుడిచేశాను. ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా అనిపించింది కూడా.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "మేడమ్, వికీ వచ్చింది గానీ పేజీలేమీ లేవు. డేటాబేస్ విడిగా తీశారా?"

కంటైనర్‌లో ఉండేది వికీని నడిపే ప్రోగ్రామట. మనం రాసిన రాతలు పక్కనే డేటాబేస్ అనే వేరే కొట్టుగదిలో ఉంటాయట, కంటైనర్ పాడైనా రాత పాడు కాకూడదని. ఆ కొట్టును విడిగా మూటకట్టాలి. చదవకుండా వదిలేసిన మెసేజ్‌లో మూడో వాక్యం అదే. నేను తుడిచినప్పుడు ఆ కొట్టు కూడా పోయింది. మిగిలిందల్లా "వికీ విజయవంతంగా స్థాపించబడింది" అనే మొదటి పేజీ.

మామయ్యకు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకు గుర్తున్నది గుర్తున్నట్టు రాసేస్తాను మామయ్యా" అన్నాను.

"నువ్వు రాస్తే అది నీ మాటవుద్ది. నాను సెప్పినట్టు కాదు."

"అయితే మళ్లీ చెప్పు."

"ఒక్కపాలే అన్నాను కదా."

అప్పుడే ఆ స్నేహితుడి కూతురి ఫోన్ వచ్చింది. పేజీ ఎప్పుడొస్తుంది దీదీ, మా పిల్లలకు కూడా చెప్పాను అంది. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నెట్‌వర్క్ సరిగ్గా లేదమ్మా. అక్కడ సర్వర్‌లో ఏదో గడబిడ. కొన్ని రోజులు ఆగాలి" అన్నాను. "హా దీదీ, ఇక్కడ నెట్ ఎప్పుడూ అంతే కదా" అంది ఆమె. పెట్టేశాను.

మామయ్య నన్నే చూస్తున్నాడు.

"ఆడు ఆస్పత్రిలో నన్ను అడిగినాడు" అన్నాడు. "స్విచ్ ఎవులు ఏసినారని. కరెంటు పోయి వచ్చిందిరా అన్నాను. నమ్మీసినాడు. ఇక్కడ కరెంటు పోడం ఎవులికి తెలీదు? ఈ ముక్క నీకు కూడా సెప్పలేదు."

ఆయన ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆ నంబరే మళ్లీ కలిపి ఇచ్చాను.

నేను టైపు చేసినప్పుడు అది ఆరు పేరాలు. ఫోన్లో రెండు వాక్యాల్లో చెప్పేశాడు. స్విచ్ ఏసింది నానే, మీ నాన్నకు అబద్ధం సెప్పింది కూడా నానే అన్నాడు. ఆమె ఒకే ఒక మాట అడిగింది. నాకూ వినపడింది.

"దీదీకి ఈ సంగతి ముందే తెలుసా?"

తెలుసు అన్నాడు మామయ్య. ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత మా ఇద్దరిలో ఎవరు చేసినా ఎత్తలేదు. నాకు మామయ్య మీద జాలి లేదు. నా మీద అసలే లేదు.