శిబిరంలో కూర్చున్న అక్క పేరు మీద

ఉద్యోగులంతా తెలంగాణ కోసం సమ్మెలోకి దిగిన రోజుల్లో నేను జనగామలోని ఒక ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆఫీసులు మూడూ ఒకే నెట్‌వర్క్ మీద నడిచేవి. ఎవరికి లాగిన్ ఇవ్వాలి, ఎవరు దరఖాస్తు చూడొచ్చు, ఎవరు మంజూరు చేయొచ్చు, ఇవన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. నేను కాంట్రాక్టువాణ్ణి. సమ్మెలో కూర్చుంటే మరునాడు పని ఉండదు గనక రోజూ తల వంచుకుని ఆఫీసుకు పోయేవాణ్ణి.

సమ్మెకు కొన్నాళ్ల ముందు మా పెద్దసారు నన్ను అందరికీ కొత్త పాస్‌వర్డులు పెట్టి, ఆ జాబితా తనకు రాసిమ్మన్నాడు. ఎవరి పాస్‌వర్డు వాళ్లకే తెలియాలని, అలా రాసివ్వడం తప్పని చెప్పాను.

"నిన్ను పనిలో పెట్టింది నేనా, కంప్యూటరా?" అన్నాడు.

రాసిచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

సమ్మె మొదలైన పదో రోజు మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ మంజూరు పని చూసే అక్క. మరిపెడ దగ్గరి పల్లె ఆమెది. భర్త చనిపోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. మొదటి రోజు నుంచీ సమ్మె శిబిరం వదలని మనిషి. ఆమె లాగిన్‌తో నలభై దరఖాస్తులు మంజూరయ్యాయట. మంజూరు కాగితం మీద ఆమె పేరు అచ్చై వస్తుంది. ఎవరో ఆ కాగితం తెచ్చి శిబిరంలో చూపించారట. పొద్దంతా ఇక్కడ కూర్చుని చాటుగా పని చేస్తున్నావని తోటివాళ్లు మొహం మీదే అన్నారట.

"నేను ముట్టనే లేదు తమ్మీ. నా పేరు ఎవలు వాడుకున్నరో నువ్వన్న జర చూడు," అంది.

చూశాను. ఎవరు ఏ యంత్రం నుంచి ఎప్పుడు లోపలికి వచ్చారో నెట్‌వర్క్ రాసిపెట్టుకుంటుంది. ఆ నలభై మంజూర్లూ మహబూబాబాద్‌లో జరగలేదు. జనగామలో, మా పెద్దసారు గదిలోని కంప్యూటర్ నుంచి జరిగాయి. నా ఒళ్లు మండిపోయింది.

వెళ్లి అడిగితే ఆయన దాచనైనా దాచలేదు. పని ఆగకూడదని పైనుంచి ఒత్తిడి ఉందన్నాడు. అయితే మీ లాగిన్‌తోనే మంజూరు చేయొచ్చు కదా సార్ అన్నాను. తలుపు వేసి పొమ్మన్నాడు. తన పేరు పడితే జనం తనను నిలదీస్తారు. అక్క పేరు పడితే అక్కను నిలదీస్తారు. ఆ లెక్క ఆయనకు బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నమే అందరి పాస్‌వర్డులూ మార్చేసి, ఎవరిది వాళ్లకే ఫోన్‌లో చెప్పాను. ఆ నలభై మంజూర్లు ఏ యంత్రం నుంచి జరిగాయో చూపే రికార్డు అచ్చు తీసుకున్నాను. బస్సులు లేవు. దోస్తు బండి అడుక్కుని తొర్రూరు మీదుగా మహబూబాబాద్ పోయాను. శిబిరంలో ఆ కాగితం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. పాస్‌వర్డు సారు చేతికిచ్చింది నేనేనని కూడా చెప్పాను. ఒకాయన లేచి, పక్కకు జరిగి, వచ్చి కూర్చోమని అక్కను పిలిచాడు.

ఆమె కదల్లేదు. "గీ పిల్లగాడు రాకుంటె నన్ను ఎన్నడు నమ్మకపోదురు గదా? ఇన్నేండ్ల సంది ఒక్కతాన పనిచేస్తున్నం. ఒక్క కాగితం జూసి దొంగను జేసిండ్రు," అంది.

మరునాడు కూడా ఆమె శిబిరానికి వచ్చిందట, కానీ విడిగా ఒక మూల కూర్చుందట.

సమ్మె అయిపోయాక ఆఫీసు రహస్యాలు బయటపెట్టానని నెట్‌వర్క్ మీద నా హక్కులన్నీ తీసేసి భూపాలపల్లికి పంపారు. అక్కడ దరఖాస్తులు ఎక్కించడం తప్ప నా లాగిన్‌తో ఇంకేమీ చేయలేకపోయేవాణ్ణి. కాంట్రాక్టు గడువు అయిపోయాక మళ్లీ రమ్మనలేదు. పెద్దసారును ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అక్క మాత్రం వదల్లేదు, పై ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. చాన్నాళ్లకు జవాబు వచ్చింది. ఫోన్‌లో నాకు చదివి వినిపించింది. ఉద్యోగులు తమ పాస్‌వర్డు ఇతరులకు తెలియకుండా జాగ్రత్తపడాలని, ఇకముందు ఇలా జరిగితే ఆమె మీదే చర్య తీసుకుంటామని ఉంది.