ఆగుతాది... ఎప్పుడు?

మావ పేరు కొట్టేశారు. మా అమ్మ తమ్ముడు, గజపతినగరం నుంచి బొబ్బిలికి ఏళ్ల తరబడి బస్సు నడిపిన మా మావ, చనిపోయి మూడు రోజులైనా కాలేదు. మా కంపెనీ కాగితాల్లో ఆయన పేరున్న గడి ఖాళీ అయిపోయింది. బస్సు డ్రైవరు పేరు అక్కడ బాగుండదట!

డ్రైవరు లేకుండా నడిచే కార్లకు భద్రతా నియమాలు సరిచూడటం నా పని. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. బండి రోడ్డెక్కకముందే, అది ఎన్ని రకాలుగా నడవగలదో అన్నీ కంప్యూటరు తరచి చూస్తుంది. ఒక్కదాంట్లోనూ నియమం తప్పకపోతేనే రుజువైనట్టు.

"దారికి అడ్డం వస్తే బండి ఆగుతుంది" అన్న నియమం నెగ్గిన రోజు, ఎగురుకుంటూ వెళ్లి మావకి చూపించాను.

"ఆగుతాది సరే. ఎప్పుడాగుతాది?"

"ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాది మావా. రుజువైపోనాది."

పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే, ఇది నా కతేరా!"

బస్సు పట్టిన కొత్తల్లో, చేపల గంపతో ఎక్కిన ఒకావిడ తన ఊళ్లో ఆగుతుందా అని అడిగితే "ఆగుతాది" అన్నాడట. కబుర్లలో పడి ఊరు దాటించేసి, ఆవిడ అరిస్తే అప్పుడు ఆపాడు.

"ఆగుతాదన్నావు కదరా, సచ్చినోడా!"

"ఆగింది కదేటి, అప్పా!"

ఆవిడ గంప తీసి ఆయన నెత్తిన పెట్టింది. కిటికీల్లోంచి జనం ఈలలు వేస్తుంటే, ఖాకీ చొక్కా మీద చేపనీళ్లు కారుతుంటే, ఊరిదాకా వెనక్కి మోశాడు. ఆ తర్వాత ఎవరడిగినా ఉత్త "ఆగుతాది" అనలేదు. "కిళ్లీకొట్టు దాటకముందే ఆగుతాది" అనేవాడు.

ఏ వీడియోలోనూ ఈ ప్రశ్న లేదు. నియమం మార్చి రాశాను: అడ్డాన్ని చేరకముందే ఆగాలి. కంప్యూటరు వెంటనే తప్పు పట్టింది. తడి రోడ్డు, ఎదురుగా గేదె. మా కారు గేదెను గుద్ది, అప్పుడు ఆగింది! పాత నియమం ప్రకారం అదీ ఒప్పే.

"సూసావేటి, గంప నీ నెత్తికీ వచ్చినాది!" మావ చప్పట్లు కొట్టాడు.

నియమం ఎవరు చెప్పారన్న గడిలో ఆయన పేరు నేనే రాశాను. దాని ఫోటో టీకొట్టులో కనబడ్డ ప్రతివాడికీ చూపించుకున్నాడు.

ఆ పేరు కొట్టేసిన కంపెనీ పెద్దల్ని అడిగితే "మళ్లీ చేరుస్తాం" అన్నారు.

చేరుస్తారు సరే. ఎప్పుడు? వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదు కాకముందే ఆ గడిలో ఆయన పేరుండాలి, నాకు జవాబు రావాలి. అందాకా గంప నా చేతుల్లోనే ఉంటుంది, ఐదు దాటిందా వాళ్ల నెత్తికే. చేపనీళ్లు కారుతూనే ఉన్నాయి.