రెండు ఖాళీ బాటిళ్లు

"వెళ్లొచ్చావా?" అంది అక్క.

నేను చెప్పుల్లో కాళ్లు దూర్చి గుమ్మం దాటబోతున్నాను. నెత్తి సగం నెరిసిన మనిషిని. పక్కింటావిడ మెట్ల మీద నిలబడి వింటోంది. అయినా అక్కకి మొహమాటం లేదు. ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆమె అడిగే ప్రశ్న అదొక్కటే. జాగ్రత్త అనదు, చేరగానే ఫోన్ చెయ్యమనదు. బాత్రూంకి వెళ్లొచ్చావా, అంతే.

"వెళ్లొచ్చానే తల్లీ, వెళ్లొచ్చాను."

నా చేతిలో బాటిల్ లాక్కుని వంటింట్లోకి నడిచింది. అడుగున మిగిలిన నీళ్లు పారబోసి మళ్లీ నింపింది. మూత బిగించి, తలకిందులు చేసి, కారడం లేదని చూసుకుని ఇచ్చింది. బయట ఎండ మండిపోతోంది. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. అక్క మాత్రం భుజాల చుట్టూ శాలువా కప్పుకుని ఉంది. ఫ్యాన్ ఆపేసిందని అప్పటికే ఒకసారి విసుక్కున్నాను.

"కాస్త చలిగా ఉందిరా," అంది. ఆ మాట అంటూ అంటూనే ఆరేసిన బట్టలు గుర్తొచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది.

నాకు తెలిసి ఆమె మామూలుగా చేసిన ఆఖరి పని ఆ బాటిల్ నింపడమే. వారం తిరక్కుండా పోయింది.

అక్క సిటీ బస్సు కండక్టరు. నిలబడి ఉద్యోగం చేసి చేసి కూర్చోవడం మరిచిపోయిందని బావ ఏడిపించేవాడు. కండక్టరుకి ఇచ్చే సీటులో ఎప్పుడూ ఎవరో ముసలావిడ కూర్చుని ఉండేది. అన్నం కూడా అక్క కుర్చీ అంచు మీద కూర్చుని తినేది, వచ్చే స్టాపులో దిగిపోవాల్సిన మనిషిలా. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచిపోయేది. తలుపు గడియ సరిచూసేది, ఆరిన గిన్నె మళ్లీ తుడిచేది. ఇల్లంతా ఒక కదిలే బస్సు, మేమంతా అందులో ప్రయాణికులం.

ఆమె బస్సు మార్కెట్ దగ్గర బయల్దేరి రైల్వే గేటు అవతల ఫ్యాక్టరీల దాకా వెళ్లేది. ఆఖరి స్టాపు అంటే ఒక బోడి మైదానం. ఆగిపోయిన లారీలు, టైమ్‌కీపర్ కూర్చునే రేకుల గది, ఒక పొడుగాటి గోడ. మగవాళ్లకి ఆ గోడ చాలు. ఆడవాళ్లకి ఏమీ లేదు. అందుకని అక్క పొద్దున్న రెండు గుక్కల కాఫీ తాగి ఎక్కితే మళ్లీ ఇంటికొచ్చేదాకా గొంతు తడుపుకునేది కాదు. అదొక ఇబ్బంది అని ఆమె అనుకోలేదు. గొప్పగా చెప్పుకునేది.

"డిపో మొత్తానికి గట్టి కుళాయి నాదే," అనేది. "ఒక్క చుక్క కారదు."

"మున్సిపాలిటీకి అద్దెకి ఇవ్వవే, బాగుపడతాం," అనేవాడు బావ. ఆయన ఎలక్ట్రీషియన్. ఎప్పుడూ జేబులో టెస్టరు, నోట్లో జోకు.

వాళ్లకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, అందుకని బావ బుడంకాయ అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. నేను అప్పుడు వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్నాను. మా బుడంకాయకి అమ్మ బస్సంటే పిచ్చి. సెలవు రోజుల్లో డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని అటూ ఇటూ తిరిగేది. ఎంత దూరం తీసుకెళ్లినా ఒక్కసారి కూడా ఆపమని అడిగేది కాదు.

"బంగారు కొండ! నాలుగున్నరేళ్ల పిల్ల, చూడండి. అన్నీ అమ్మ పోలికే," అనేవాళ్లం అందరం. నేనూ అన్నాను.

మొదటి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ కంగారుపడలేదు. దగ్గు లేదు, జలుబు లేదు, ఒళ్లు మాత్రం పెనంలా కాలుతోంది. పక్కింటావిడ వేడి చేసిందంది. మందుల షాపులో జ్వరం సిరప్ ఇచ్చారు. తగ్గింది. కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఈసారి తిన్నదంతా కక్కుకుంది. రాత్రిళ్లు పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. దుప్పటి ఘాటుగా వాసన వేసేది. "ఇంత గాడిదవయ్యావు, సిగ్గులేదూ?" అని అక్క తిట్టింది. పిల్ల పొత్తికడుపు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడం చూసి అక్కకి ఏమనిపించిందో, డిపోకి ఫోన్ చేసి సెలవు పెట్టి, పిల్లని భుజాన వేసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. వెనక నేను.

డాక్టరు ఆవిడ గొంతు, చెవులు, ఛాతీ అన్నీ చూసి, "యూరిన్ టెస్ట్ చేద్దాం," అని ఒక చిన్న డబ్బా ఇచ్చింది. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలట, డబ్బా లోపల చెయ్యి తగలకూడదట. చెప్పడం తేలికే. బాత్రూంలో అక్క డబ్బా పట్టుకుని గొంతుక్కూర్చుంది. తలుపు బయట నేనూ, పనిలోంచి అలాగే వచ్చేసిన బావా.

"సుస్సు రావట్లేదు," లోపల్నించి సన్నగా.

"కుళాయి తిప్పు, ఆ చప్పుడుకి వస్తుంది," అన్నాడు బావ.

"తిప్పాను. నాకే వచ్చేలా ఉంది!"

"నీది గట్టి కుళాయి కదే!"

వరండాలో కూర్చున్న తల్లులందరూ నవ్వారు. లోపల బుడంకాయ కూడా నవ్వినట్టుంది. నవ్వుతో పాటు అది కూడా వచ్చింది. వెంటనే ఏడుపు. "మండుతోందమ్మా, మండుతోంది." బావ నవ్వు ఆపేశాడు. జేబులోని టెస్టరు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది. మందు రాసిచ్చారు. నారింజ రంగు సిరప్, చేదు. జ్వరం తగ్గగానే పిల్ల ఉమ్మేయడం మొదలుపెట్టింది. తగ్గింది కదా, ఎందుకు ఏడిపించడం అని మేమే మానేశాం. అది తిరగబెట్టింది. ఈసారి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి మరీ చీవాట్లు పెట్టింది. కడుపు స్కాన్ తీయించింది. ఎడమ కిడ్నీ కొంచెం ఉబ్బి ఉందట.

"ఇప్పటికి ప్రమాదమేమీ లేదు. కానీ ఇలా జ్వరంతో మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీ మీద మచ్చ పడుతుంది. పడ్డ మచ్చ పోదు. మందు చివరిదాకా వాడండి. కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దాం," అని, "పాప ఎంతసేపటికోసారి ఒంటేలుకి వెళ్తుందమ్మా?" అని అడిగింది.

అక్క మొహంలో వెలుగు వచ్చింది. ఇంతసేపటికి మంచి మార్కులొచ్చే ప్రశ్న అడిగారు.

"ఆ విషయంలో మా పిల్ల బంగారమండీ. పొద్దున్న వెళ్తే మళ్లీ స్కూల్నించి వచ్చాకే."

"నీళ్లో?"

"అసలు అడగదండీ."

"అదేనమ్మా మన గొడవ," అంది డాక్టరు. గంటలకొద్దీ ఆపుకుంటే లోపల క్రిములకి తీరికగా పెరిగే వీలు దొరుకుతుందనీ, నీళ్లు బాగా తాగించి రెండు మూడు గంటలకోసారి పంపించాలనీ, కడిగేటప్పుడు ముందునించి వెనక్కి కడగాలనీ, విరేచనం గట్టిపడకుండా చూసుకోవాలనీ చెప్పింది. అక్క తలూపుతూనే ఉంది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగిపోయింది.

"అందరికీ చెప్పుకున్నాన్రా దీని గురించి. బస్సులో వాళ్లక్కూడా చెప్పుకున్నాను," అంది.

అప్పట్నించి ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. అక్క డ్యూటీలో ఉన్నా మనసంతా పిల్ల మీదే. మార్కెట్ స్టాపులో బస్సు ఆగితే దిగి స్కూలుకి ఫోన్ చేసేది. ఇంటికి రాగానే ముందు పిల్ల నుదురు, తర్వాత లోదుస్తుల వాసన, ఆ తర్వాతే చెప్పులు విప్పడం. నిద్రలో పిల్ల కాస్త మూలిగితే లేచి కూర్చునేది. రెండో స్కాన్ తేదీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే, అది రాకూడదని కూడా అనుకునేది.

ఒకరోజు యూనిఫాంలోనే, మెడలో విజిల్‌తో, నేరుగా స్కూలుకి వెళ్లింది. ఇంటర్వెల్‌లో తప్ప పిల్లల్ని పంపించం, ఒకరిని పంపితే అందరూ లేస్తారు అంది టీచరు.

"దిగుతానన్నవాళ్లని దించని బస్సు ఎక్కడైనా ఉందా టీచరుగారూ?" అంది అక్క. "మా బస్సులో అలా చేస్తే నన్ను కొడతారు."

టీచరు నవ్వాపుకోలేక ఒప్పుకుంది. అయినా బుడంకాయ వెళ్లేది కాదు. పంపించినా లేచేది కాదు. నీళ్ల బాటిల్ నింపి పంపితే నిండుగానే తిరిగొచ్చేది. బుజ్జగించాం, బెదిరించాం, బొమ్మలు కొనిపెట్టాం. బావ బాత్రూంలో రంగు బల్బు కూడా పెట్టాడు. లాభం లేకపోయింది.

కారణం ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. ముందుగదిలో కుర్చీలన్నీ వరసగా పెట్టి బుడంకాయ బస్సాట ఆడుతోంది. నేను డ్రైవర్ని, బావ ప్రయాణికుడు. భుజాన అక్క పాత సంచీ వేసుకుని టికెట్లు కొడుతోంది. కొడుతూ కొడుతూ ఒక కాలు మీద ఇంకో కాలు మెలేసి నిలబడింది. మొహం ఎర్రబడింది.

వంటింటి గుమ్మంలోంచి అక్క చూసింది. "సుస్సు వస్తోందా నాన్నా? వెళ్లిరా."

"కండక్టర్ బస్సు దిగకూడదు."

"ఎవరు చెప్పారే?"

"నువ్వే కదా. నువ్వు దిగవుగా. నీళ్లు కూడా తాగవుగా. కండక్టర్లు తాగరు."

బావ కుర్చీలోంచి లేచాడు. నేను స్టీరింగనుకుని పట్టుకున్న పళ్లెం కింద పెట్టాను. అక్క గరిటె పట్టుకునే వచ్చి పిల్లని చంకనేసుకుని బాత్రూంలోకి తీసుకెళ్లింది. చాలాసేపు ఇద్దరూ బయటికి రాలేదు.

మర్నాడు ఒకే రకం బాటిళ్లు రెండు కొనుక్కొచ్చింది. ఒకటి పిల్లకి, ఒకటి తనకి.

"ఇక కండక్టర్లకి కొత్త రూలొచ్చింది. డ్యూటీలో బాటిలంతా తాగెయ్యాలి. సాయంత్రం తనిఖీ ఉంటుంది. నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు."

"నిజంగా తాగుతావా?"

"తాగుతా."

"ఒట్టు వెయ్యి."

"అయ్యో, పాలు పొంగిపోతున్నాయే!" అంటూ అక్క వంటింట్లోకి పరిగెత్తింది. ఎప్పుడూ మధ్యలో లేచిపోయే మనిషే కదా అని ఎవరం పట్టించుకోలేదు.

ఆ తర్వాత రోజూ అదే తంతు. అక్క గుమ్మంలో అడుగుపెట్టగానే బుడంకాయ, "కండక్టర్, బాటిల్!" అని అరిచేది. రెండు బాటిళ్లూ సింకు మీద తలకిందులు చేసేవాళ్లు. ఆఖరి చుక్క ఎవరిదైనా పడితే వాళ్లు గుంజీళ్లు తియ్యాలి. ఎక్కువసార్లు బుడంకాయే తీసింది. అక్క బాటిల్లోంచి చుక్క పడ్డం నేను చూడలేదు. ఒకరోజు పక్కనుండి అడిగాను కూడా, "మరి ఆ మైదానంలో నువ్వెక్కడికి వెళ్తున్నావే?" అని.

"ఏదో కట్టించార్లే," అంది జడ విప్పుకుంటూ. "నువ్వు చదువుకో."

రెండో స్కాన్ రోజు అక్క గది బయట నిలబడనే లేదు. ఆ వరండా ఈ చివర్నించి ఆ చివరికి తిరిగింది. మధ్యలో ఎవరో ముసలాయనకి ఎక్స్‌రే గది ఎక్కడో చూపించింది. తలుపు తీసి డాక్టరు ఉబ్బు తగ్గిందని చెప్పినప్పుడు ఆమె ఎక్కడో దూరంగా ఉంది, నేనే పరిగెత్తుకెళ్లి చెప్పాను. వింది. "పిల్లకి నిండా నీళ్లు తాగించారు కదా స్కాన్‌కి, వెళ్లొచ్చిందో లేదో కనుక్కున్నావా?" అంది.

ఆ ప్రశ్న అప్పట్నించి ఆమె నోట నిలిచిపోయింది. బావ పోయినా, అక్క రిటైరైనా అది మాత్రం ఆగలేదు. బుడంకాయకి మళ్లీ ఎప్పుడూ అలాంటి జ్వరం రాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఎక్కడికెళ్లినా చేతిలో బాటిల్ ఉంటుంది, మీటింగు మధ్యలోంచి మొహమాటం లేకుండా లేచి వెళ్తుంది.

నేను బయల్దేరొచ్చిన రెండో రోజు అక్కకి వణుకుతో జ్వరం వచ్చింది. నడుం నొప్పి అందట. ఎవరికీ చెప్పకుండా మాత్ర వేసుకుని ఇల్లు సర్దుతూనే ఉందట. ఆస్పత్రిలో చేర్చేసరికి ఇన్‌ఫెక్షన్ మూత్రంలోంచి రక్తంలోకి పాకిపోయింది. కిడ్నీలు రెండూ చాలాకాలంగానే పాడై ఉన్నాయన్నారు.

"నాకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, డబ్బా చేతికిచ్చి తోసేది మామయ్యా," అంది బుడంకాయ. "తనెందుకు ఆ టెస్ట్ చేయించుకోలేదు? రోజూ బాటిల్ ఖాళీ చేసిన మనిషికి కిడ్నీలెలా పాడయ్యాయి?"

ఆ ఇంట్లో కూర్చోలేక గదులన్నీ తిరిగాను.

తర్వాత కొన్నాళ్లకి అక్కతో కలిసి పనిచేసిన డ్రైవర్ వచ్చాడు. అక్క బాబాయ్ అని పిలిచేది. బాగా పెద్దవాడైపోయాడు, కర్ర ఊతంతో నడుస్తున్నాడు. బుడంకాయ ఆయన కోసం మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. అలమారలో అక్క పాత బాటిల్ ఆయన కంటబడింది.

"ఇది ఇంకా ఉందా!" అని నవ్వాడు. "మా బండి ఏనాడూ వేడెక్కి ఆగలేదు బాబూ, మీ అక్క పుణ్యమే."

అర్థంకాక చూశాను.

"అదేనయ్యా. ఆ మైదానంలో ఆడవాళ్లకి గది కట్టింది మేమిద్దరం ఉద్యోగాల్లోంచి దిగిపోయాక కదా. సాయంత్రం ఆఖరి ట్రిప్పులో బానెట్ ఎత్తమనేది. బాటిల్ మూత కూడా విప్పి ఉండేది కాదు, పొద్దున్న ఎలా తెచ్చిందో అలాగే ఉండేది. మొత్తం రేడియేటర్లో పోసేసి, చుక్క మిగలకుండా దులిపేది."