సుభద్రక్క చెప్పేసిన మాట

మాత్రల అట్టను కత్తెరతో రెండుగా కోస్తుంటే వచ్చే కరకర చప్పుడు వింటే చాలు, ప్రయాణం మొదలుకాకముందే నాకు అలుపొస్తుంది. రేపు చెల్లెలి కుటుంబంతో అరకు వెళ్తున్నాను. సగం మాత్రలు నా చేతిసంచిలో, సగం చెల్లెలి సంచిలో, డాక్టరు రాసిచ్చిన చీటీ పర్సులో. పెట్టెలో ఒక్కటీ పెట్టను. పెట్టె మనతోపాటే దిగుతుందన్న నమ్మకం లేదు. ఇదంతా నాకు సుభద్రక్క నేర్పింది.

ధర్మవరంలో ఆమెకు పట్టుచీరల అంగడి ఉండేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. కొత్తచెరువు దగ్గర మా శెనక్కాయ చేను వరసగా ఎండిపోతుంటే, నేను ఆ అంగట్లో చీరలు విప్పి చూపించే పనికి చేరాను. కాలేజీ రోజుల నుంచి నాకు మూర్ఛ. మాత్రలు వేసుకుంటే అదుపులో ఉండేది. తెలిస్తే సంబంధాలు రావని అమ్మ భయం. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. అందుకే అంగడివాళ్లందరినీ ఊటీకి తీసుకుపోతానని సుభద్రక్క అన్నప్పుడు, అమ్మకు బాగాలేదని చెప్పి తప్పించుకోబోయాను.

"బీరువా ఎనక్కి పోయి నువ్వు మింగేది నేను చూడలేదనుకుంటివా?" అంది ఆమె, చీర మడతపెడుతూనే. "నాకు సూది, నీకు మాత్ర. మందులు మనతో వస్తాయి. మనం ఈడే యాల ఉండాల?"

ఆమెకు షుగరు. ఇన్సులిన్‌ను చల్లటి ఫ్లాస్కులో పెట్టి తెచ్చుకుంది. దారి పొడవునా ఆమెను చూసి నాకు సిగ్గేసింది. మైసూరు హోటల్లో నేరుగా గల్లా దగ్గరికి పోయి, "అప్పా, నాకు షుగరుండాది. ఈ మందు ఫ్రిజ్జులో పెట్టు. గడ్డ కట్టేకాడ వద్దు, కింద పెట్టు," అని అందరికీ వినపడేలా చెప్పింది.

మరునాడు ఘాట్ మలుపుల్లో నాకు వాంతులయ్యాయి. "పొద్దున మాత్ర గూడా పోయిందేమో. మళ్లా ఏసుకోవాల్నో వద్దో డాక్టర్ను అడగాల," అని నా చెవిలో అంది. ఫోను పట్టుకుని కిటికీలోంచి చెయ్యి చాపింది. సిగ్నల్ దొరకలేదు. ఊటీలో బస్సు దిగిన కాసేపటికే, పూలతోటలో, నేను పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. తల ఆమె ఒడిలో ఉంది. ఎవరో నా చేతిలో తాళాలగుత్తి పెట్టబోతే ఆమె తోసేసిందట. "ఈ పాపకు మూర్ఛ ఉండాది. మందు వాడతాంది. చూసేకేం లేదు, జరగండప్పా, గాలి రానీండి," అంటోంది. ఆ గొంతులో జాలి లేదు, దాపరికమూ లేదు. మా అంగడివాళ్లంతా చుట్టూ నిలబడి విన్నారు.

మేం తిరిగొచ్చేలోపే కబురు ధర్మవరం చేరింది. కుదిరేలా ఉన్న ఒక సంబంధం ఆగిపోయింది. అమ్మ అంగడికి పోయి, "నా కూతురి బతుకు బజార్లో పెడితివి," అని ఏడ్చింది.

"పెట్టినా వదినా. ఆడ చెప్పకుంటే, తెలీనోళ్లు పాప నోట్లో నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసుందురు," అంది సుభద్రక్క.

వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. నాకూ కోపం రాలేదని చెప్పలేను. కానీ అక్కడే పనిచేశాను. ఆ తర్వాత బీరువా వెనక్కి పోలేదు. అందరి ముందే మాత్ర వేసుకుంటుంటే, నీళ్ల చెంబు ఎవరో ఒకరు అందించేవాళ్లు.

కిడ్నీలు దెబ్బతిని సుభద్రక్క పోయింది. నాకు పెళ్లి కాలేదు. ఆమె ఆ రోజు చెప్పినందుకేనా అని ఒకప్పుడు ఆలోచించేదాన్ని, అలిసిపోయి మానేశాను. ఇప్పుడు రైల్లో పక్కన ఎవరు కూర్చున్నా, బండి కదలకముందే నేనే చెబుతాను: నాకు మూర్ఛ ఉంది, వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. చెప్పడం ఏ రోజూ తేలిక కాలేదు. కొందరు నా పేరడుగుతారు. కొందరు దూరం జరుగుతారు. వాళ్లు వదిలిన జాగాలో నేను కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటాను.