అమ్మ శోకానికి నా గొంతు

ఇంటర్వ్యూలల్ల అందరు ఒక్కటే అడుగుతరు. "ఆడపిల్లవు, గీ రాక్ మ్యూజిక్ ఎట్ల అలవాటైంది? ఎవరి పాటలు ఇని నేర్చుకున్నవ్?" వాళ్లకు నచ్చే జవాబేదో చెప్పి గిటార్ సదురుకుంట. ఉన్నది ఉన్నట్టు చెప్తే బెదురుతరు. నేను పాట నేర్చుకున్నది పీనుగుల కాడ.

పటాన్‌చెరు పక్కన మా బస్తీల ఎవరింట్ల చావైనా ముందుగాల మా అమ్మకు కబురొస్తుండె. అమ్మ పోయి పీనుగ పక్కన కూసోని, కొంగు నోటికి అడ్డం వెట్టుకోని శోకం మొదలువెట్టేది. పోయినోడు ఏం ఇష్టంగ తినేటోడు, ఎవలతోని కొట్లాడెటోడు, ఏ కంపెనీల పనిజేసి దగ్గు తెచ్చుకున్నడు, ఏ అన్నదమ్ముడు వాన్ని ముంచిండు, అంత రాగం తీసుకుంట చెప్పేది. ఏడ్చే ఆడిదాని నోరు మా దిక్కు ఎవ్వరు మూయరు. సర్పంచ్ నిలవడ్డా, సేటు నిలవడ్డా, తన ముచ్చట వస్తే తల దించుకోని వినుడే. నేను ఎన్ని స్టేజీలెక్కినా గంత హక్కు నాకు ఎన్నడు దొరకలె.

"కడుపుల వెట్టుకుంటే కుళ్లుతది బిడ్డా, బయట వడాలె," అంటుండె అమ్మ.

గట్ల బయట వడాలనే నేను బ్యాండ్ పెట్టిన. గిటార్, పాట నావి. డ్రమ్స్ మా తమ్మునివి. పీర్ల పండుగకు డప్పు కొట్టి కొట్టి చెయ్యి తిరిగినోడు వాడు. పొట్టకు మాత్రం గుమ్మడిదల దిక్కు ఒక మందుల కంపెనీల షిఫ్ట్ డ్యూటీ. మేము ఇంట్ల ప్రాక్టీస్ చేస్తుంటే అమ్మ చాటల బియ్యం ఏరుకుంట, "గిదేం పాటనే, పిల్లి తోక తొక్కినట్టు" అని నవ్వేది.

ఒకసారి తెల్లాపూర్ల పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లోళ్లు పండుగ ప్రోగ్రాంకు పిలిచిండ్రు. మా బోరుల ఎర్ర నీళ్లొస్తయని నేను రాసిన పాట ఎత్తుకున్ననో లేదో, ఒక సార్ ఉరికొచ్చి, "మేడం, జెర నెగెటివ్ ఉన్నది, సినిమా పాట కొట్టుండ్రి, పిల్లలు డాన్స్ చేస్తరు" అన్నడు. నెగెటివంట! గా నీళ్లు తాగెటోళ్లం మేము, నోరు చేదైంది ఆయనకు. నా ఒళ్లు మండింది. తమ్ముడు కర్రలు సంచిల వెట్టుకోని, "నడువక్కా, వీళ్లకు బ్యాండ్ మేళం చాలు" అన్నడు.

ఆ ఏడాదే అమ్మ గొంతుల గడ్డ లేసింది. డాక్టర్లు ఆపరేషన్ చేసి మాట పుట్టే కాడికే కోసి తీసేసిండ్రు. మెడకు రంధ్రం మిగిలింది, దాంట్లకెల్లే ఊపిరి. ఊరందరి కోసం ఏడ్చిన మనిషికి ఇగ సప్పుడు లేదు. పెదవులతోని మాట్లాడేది. తమ్మునికి అంత ఓపిక లేకుండె. నాకు మాత్రం రాను రాను ఆమె పెదవులు చదువుడు అలవాటైంది. అమ్మ ఏమన్నా నేనే బయటికి అనెటిదాన్ని.

ఒకనాడు మాపటికి హైదరాబాద్ల మాకు మంచి ప్రోగ్రాం ఉండె. పొద్దుగాల తమ్ముడు డ్యూటీకి పోనని మొండికేసిండు. "జ్వరమని చెప్త, ఏమైతది?" అన్నడు. అమ్మ పెదవులు కదిలినయి.

"ఏమంటుందక్కా?"

"డప్పుల కోసం నౌకరి ఒడగొట్టుకుంటవా, పో అంటుంది," అన్న.

సద్ది డబ్బా పట్టుకోని పోయిండు. పగటిపూట కంపెనీల రియాక్టర్ పేలింది.

వాన్ని బట్టల చుట్టి తెచ్చిండ్రు. మొఖం ఇప్పొద్దన్నరు. కంపెనీ ఆఫీసర్లు పూలదండ పట్టుకోని వాకిట్ల నిలవడ్డరు. ఆడోళ్లందరు అమ్మ దిక్కు సూస్తుండ్రు. అమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏం వస్తలేదు. శోకం నేనే ఎత్తుకున్న. ఎత్తుకుంటే ఏమొచ్చింది? స్టేజీ మీది గొంతు! శ్రుతిల, తాళంల, సక్కగ. మా మేనత్త నా భుజం పట్టి ఊపింది. "గది పాటనే పిల్లా. పాడకు. ఏడువు." సిగ్గుతోని సచ్చిపోయిన. పాట ఆపేసిన.

అమ్మ నా గదువ పట్టి తన దిక్కు తిప్పుకున్నది. పెదవులు కదిలిస్తుండె. శోకం వెడుతుండె నా తల్లి, సప్పుడు లేకుండ. నేను సూసుకుంట ఒక్కొక్క మాట అందుకున్న.

"కొడుకో... సద్ది గట్టిస్తే సద్ది తినకపోతివి కొడుకో... డప్పు గొట్టిన చేతులు ఏడున్నయి కొడుకో... మొఖం సూడనియ్యరు కొడుకో..."

ఆడోళ్లు గొల్లుమన్నరు. ఆఫీసర్లు తలలు దించుకున్నరు. గప్పుడు అమ్మ పెదవుల మీద ఇంకో మాట వచ్చింది. నేనే పంపిన కొడుకో. పోనంటే నేనే పంపిన.

నేను ఆ మాట అనలె. "కంపెనీ మింగె కొడుకో" అన్న. అమ్మ నా తొడ మీద చరిసింది. మల్ల అదే మాట. నేను మల్ల కంపెనీనే తిట్టిన. కంపెనీ మింగింది నిజమే గదా! కని పెంచిన మనిషి తలకు ఆ పాపం ఎట్ల చుట్టాలె? అమ్మ ఇంకా గట్టిగ చరుస్తుంటే పాడె లేపిండ్రు.

ఆ శోకాన్నే తర్వాత పాట జేసిన. అందరి ఫోన్లల్ల మోగింది. నలుగురికి నేను తెలిసింది ఆ పాటతోనే, గీ ఇంటర్వ్యూలు దాని పుణ్యమే. అమ్మ ఫోన్‌ల అది పెట్టుకోని సూసినప్పుడల్ల 'కంపెనీ మింగె' అన్న జాగ కాడ ఆపి, నా దిక్కు సూసి, పెదవులతోని ఆ మాట అనేది. "అర్థమైతలేదమ్మా," అనెటిదాన్ని. ఆమె పెదవుల మీది మాట ఏ ఒక్కటి నాకు తెల్వకుండ పోదని ఆమెకు ఎరుకే.

రాను రాను అమ్మ తిండి తగ్గించింది. ఫోన్‌ల ఆ పాట పెట్టుడు బంద్ జేసింది. పోయిన వానకాలం ఒక పగటిపూట, నేను తమ్ముని డ్రమ్ముల మీద దుమ్ము తుడుస్తుంటే వచ్చి, ఆనాటి లెక్కనే నా గదువ పట్టుకున్నది. ఆమె కండ్లు సూసిన. కుళ్లుతది బిడ్డా అన్న మనిషి, నా ఎదురుంగనే కుళ్లిపోతుంది.

"నేనే పంపిన కొడుకో," అన్న. రాగం లేదు, తాళం లేదు. "పోనంటే నేనే పంపిన."

అమ్మ మాట అంటున్ననో నా మాట అంటున్ననో నాకే తెలుస్తలేదు. ఆ పొద్దు వాన్ని పొమ్మన్న గొంతు ఇదే. అమ్మ చెయ్యి నా గొంతు మీద పెట్టింది. అది అదురుతుంటే తడిమి సూసుకుంట ఏడ్చింది, కొడుకు పాడె లేచినంక మొదటిసారి.

"మల్ల," అన్నయి పెదవులు.

మల్ల అన్న.