కుళ్లుతో పట్టిన బ్యాంజో

నేను గిటార్ వదిలి బ్యాంజో పట్టింది సంగీతం మీద ప్రేమతో అని నలుగురిలో చెబుతుంటాను. అబద్ధం. కుళ్లుతో పట్టాను. మా బాపు, సొంత తండ్రి, నా పాట వదిలి ఎదురు దుకాణం దర్జీ పాట వినడానికి పోయినందుకు, ఆ దర్జీ మీద కుళ్లు.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయివుంటుంది. బదిలీ మీద పోతున్న ఒక అధికారి సామాను వదిలించుకుంటుంటే ఆయన పాత గిటార్ నా పాలబడింది. నేర్పేవాడు ఊళ్లో లేడు. హోటల్ రేడియోలో పాట విని, అది మరిచిపోకముందే ఇంటికి పరుగెత్తుకొచ్చి, తీగె మీద ఆ స్వరం ఎక్కడుందో వెతుక్కునేవాణ్ని. దారిలో ఎవరైనా పలకరిస్తే పాట పోయినట్టే. అట్లా కిందామీదా పడి ఓ పది పాటలు పట్టుకున్నాను. గల్లీలో గిటార్ నా ఒక్కడి దగ్గరే ఉంది కాబట్టి బాగా వాయిస్తున్నానా లేదా అని తేల్చేవాడు కూడా లేడు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా.

నన్ను కన్న అవ్వ పోయిన ఏడు బాపును మరాఠీ సరిహద్దులోని భైంసా నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. పాతికేళ్లు పత్తి జిన్నింగ్ మిల్లులో మిషన్ల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. మాటలు తక్కువ. నేను గిటార్ తీస్తే ఎదురుగా కూర్చుని నా చేతుల వైపే చూసేవాడు. పాట అయ్యాక "మంచిగున్నది బిడ్డా" అనేవాడు. ప్రతి పాటకూ అదే మాట, అదే గొంతు. ఒకరోజు నేనింకా తీగెలు శ్రుతి చేసుకుంటున్నాను, పాట మొదలే కాలేదు. "మంచిగున్నది" అని లేచిపోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

లేచి ఎక్కడికి పోయాడు? దర్జీ దుకాణానికి.

దర్జీ నాందేడ్ వైపు నుంచి వచ్చినవాడు. సాయంత్రం కుట్టుమిషను ఆపి, బట్ట కత్తిరించే బల్ల మీద బ్యాంజో పెట్టేవాడు. మా వైపు భజనల్లో, కవ్వాలీల్లో కనబడే పొడుగాటి చెక్కపెట్టె అది. పైన తీగెలు, వాటి మీద టైపు మిషనుకున్నట్టు మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగెలు గీరాలి. నా లెక్కన అది సంగీతం కాదు, రేకుల మీద వడగళ్ల వాన. అట్లాంటి దాని ముందు మా బాపు బల్లకు మోచేతులు ఆనించి, కళ్లు మూసుకుని, తల ఊపుతూ కూర్చునేవాడు. నా ముందు ఏనాడూ తల ఊపలేదు.

కిటికీ రెక్క చాటు నుంచి చూసి ఉడికిపోయేవాణ్ని. "పొరుగింటి పుల్లకూర రుచి గదా" అని నా భార్య నవ్వింది. "ఇద్దరు మరాఠీ ముచ్చట్లు పెట్టుకుంటుండ్రేమో, మీకెందుకు గింత పరేషాన్?" అని సర్దిచెప్పింది కూడా. నాకు ఎక్కలేదు. దర్జీ కుట్టిన చొక్కా చంక కింద బిగిస్తే కావాలనే చేశాడనుకున్నాను. అతనికి జ్వరమొచ్చి రెండు రోజులు దుకాణం తెరవకపోతే లోలోపల సంతోషించాను. బాపు ఆ రెండు రోజులూ మూసిన తలుపు దాకా పోయి వచ్చాడు.

సరే, ఆయనకు బ్యాంజోనే కావాలంటే బ్యాంజోనే వాయిస్తాననుకున్నాను. హైదరాబాద్ పోయే తోటి గుమాస్తాతో ఒకటి తెప్పించి, గిటార్‌ను గోడకు తగిలించాను. సాయంత్రాలు బాపు దర్జీ దగ్గరే ఉంటాడు కాబట్టి నేర్చుకోవడానికి చాటు వెతుక్కునే పని లేదు. అడిగితే దర్జీ అరగంటలో చెప్పేవాడు. ఎట్లా అడుగుతాను? గిటార్‌కు చేసినట్టే ఒక్కో తీగెకు ఒక్కో శ్రుతి పెట్టాను. మీట నొక్కితే తీగెలు తలో దిక్కుగా అరిచాయి. పాట పలికే తీగెలన్నీ ఒకే స్వరంలో ఉండాలని తెలిసేసరికి మూడు తీగెలు తెగాయి, వానాకాలం సగం గడిచిపోయింది. తరవాత చెయ్యి కుదిరింది. దాని మోత నాకు గిట్టదు కాబట్టి మడిచిన బొంత మీద పెట్టుకుని వాయించేవాణ్ని. అప్పుడు కాస్త గిటార్ మాదిరి మెత్తగా పలికేది. ఈ కిటుకు దర్జీకి తెలియదులే అని పొంగిపోయాను.

దసరా ముందు ఒక ఆదివారం బాపును కూర్చోబెట్టాను. దర్జీ రోజూ వాయించే మరాఠీ భజననే అతనికంటే శుభ్రంగా వాయించాను. గొప్ప కోసం అనడం లేదు, ఒక్క మీట తప్పలేదు. బాపు నా చేతుల వైపే చూశాడు. అయిపోయాక "మంచిగున్నది బిడ్డా" అని చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటాడు.

బ్యాంజోను బొంతతో సహా చంకన ఇరికించుకుని వెనకాలే పోయాను. బాపు వాకిలికి వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చున్నాడు. "మా బాపుకు ఏం మందు పెట్టినవ్?" అని దర్జీ మీద అరిచాను. గల్లీ అంతా తిరిగి చూసింది. రెండడుగుల దూరంలో ఉన్న బాపు తిరగలేదు.

దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. "కాకాకు ఇనవడది సారూ. మీకు ఎరుక లేదా?"

నేను బాపు వీపు వైపు చూశాను.

"జిన్నింగ్ మోతకు చెవులు ఎన్నడో పోయినయి. ముంగట నిలవడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటడు. మొదటి దినం ఎనకకెల్లి పిలిస్తె పలుకలే, నాకు అప్పుడే సమజైంది. నేను వాయిస్తుంటే బల్ల మీద చెయ్యి పెట్టిండు. కట్టెలకెల్లి మోచేతులకు పాట ఎక్కుతున్నదన్నడు. గప్పటికెల్లి రోజు వస్తుండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నా కొడుకు గిటార్ బంద్ చేస్తడు అన్నడు. ఇనవడకున్నా మీ చేతులు తీగెల మీద ఆడుతుంటే చూసుడు ఆయనకు పాణం సారూ."

ఆ మాటకు నేను సంతోషించాలి. ముందు మండింది. రెండేళ్లు ఒకే ఇంట్లో పక్కపక్కన అన్నం తిని నేను పోల్చుకోనిది ఈయన ఒక్క పూటలో పోల్చుకున్నాడు. బాపు నాతో అనాల్సిన మాట పోయి పోయి ఈయనతో అన్నాడు. బ్యాంజోలో దర్జీని దాటవచ్చు, దీంట్లో ఎట్లా దాటేది?

దర్జీ నా బ్యాంజో అందుకుని, బొంత తీసేసి, ఉత్త బల్ల మీద పెట్టి తన స్టూలు నాకిచ్చాడు. వాయించాను. బాపు మోచేతులు ఆనించి, కళ్లు మూసుకుని తల ఊపాడు. పాట అయ్యాక కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"మంచిగున్నది. గిటార్ ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?"

దర్జీని చూసి ఓర్వలేక అని తల దించుకుని చెప్పాను. తల దించుకుంటే పెదాలు కనబడవని అప్పటికే తెలుసు.